నాయిన బండి, నా ఆక్టేన్ బిట్టు

మా నాయిన దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాలు తెస్తాడు. పాత బండి, వెనక సీటుకు అటొకటి ఇటొకటి నలభై లీటర్ల క్యాన్లు. పోయిన ఎండాకాలం సెమిస్టర్ పరీక్షలయ్యి ఇంటికి వెళ్లినప్పుడు ఒకరోజు నేనూ వెంట వెళ్లా. చందంపేట రోడ్డులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌లోంచి ఒక చప్పుడు. ఇనప డబ్బాలో గోళీలు పోసి ఊపితే ఎట్లుంటదో అట్ల. టింగు టింగుమని.

"ఏందిరా ఇది? ఇంజనీరింగ్ చదువుతున్నవ్ గద, జెర చెప్పు" అన్నాడు నాయిన.

నాది కంప్యూటర్ సైన్స్ అని చెప్పినా లాభం లేదు. ఆయన లెక్కలో ఇంజనీరింగ్ అంటే ఒక్కటే. అయితే నాకు ఇంటర్ కెమిస్ట్రీ బిట్టు ఒకటి గుర్తొచ్చింది. ఆక్టేన్ నంబర్ పెరిగితే నాకింగ్ తగ్గును. రైట్ ఆన్సర్, ఒక మార్కు. వెంటనే గొప్పగా చెప్పేశా: "నాయినా, ప్రీమియం పెట్రోల్ కొట్టించు. ఆక్టేన్ ఎక్కువుంటది, పవర్ ఎక్కువొస్తది, సప్పుడు పోతది."

నాయిన నా మాట నమ్మాడు. లీటరుకు ఎనిమిది రూపాయలు ఎక్కువ. రోజుకు రెండు లీటర్లు. రెండు నెలలు. మీరే గుణించుకోండి. పాల మీద బతికే ఇంట్లో దాదాపు వెయ్యి రూపాయలంటే చిన్న సంగతి కాదు. బోనాలకు ఇంటికి వచ్చి చూస్తే చప్పుడు అట్లనే ఉంది. "కొంచెం తగ్గినట్టే ఉందిరా" అన్నాడు నాయిన. తగ్గలేదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజే బస్టాండ్ దగ్గరి మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బండి స్టార్ట్ చేసి, రెండుసార్లు ఎక్సలేటర్ తిప్పి, చెవి ఇంజిన్ దగ్గర పెట్టాడు. "టాపెట్ సప్పుడు గాదు తమ్మీ. లోపల కార్బన్ పట్టింది. కాకా, బరువేసి ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేర్లనే లాగుతున్నవ్ గద?" నాయిన ఒప్పుకున్నాడు. హెడ్డు విప్పితే పిస్టన్ మీద నల్లటి పెచ్చు. గీకేసి, కార్బురేటర్ సెట్ చేసి ఇచ్చాడు. చప్పుడు పోయింది. నాలుగు వందలు తీసుకున్నాడు.

నేను రాంగ్ ఆన్సర్ చెప్పలేదు. బిట్టు కరెక్టే. కానీ అది ఎందుకు కరెక్టో నాకు తెలియదు, అందుకే అది ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో కూడా తెలియలేదు. సిగ్గుపడి, హాస్టల్‌కు తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టా. చదివినది ముందు చెప్తా, తర్వాత నా అభిప్రాయం చెప్తా.

మనం అనుకునేది ఏంటంటే ఇంజిన్‌లో పెట్రోల్ "పేలుతుంది" అని. నిజానికి పేలకూడదు. స్పార్క్ ప్లగ్ దగ్గర మంట అంటుకుని, అక్కడి నుంచి గడ్డివాములో మంట పాకినట్టు పాకుతూ పోవాలి. మొత్తం కాలడానికి కొన్ని మిల్లీసెకండ్లు పడుతుంది. మంట పాకే కొద్దీ ఇంకా కాలని మిశ్రమం ఒక మూలకు నొక్కుకుపోయి బాగా వేడెక్కుతుంది. మంట అక్కడికి చేరేలోపు ఆ మూల గ్యాస్ తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే ఒత్తిడి అలలు సిలిండర్ గోడలకు కొట్టుకుంటాయి. ఆ గోళీల చప్పుడు అదే. దానిపేరే నాకింగ్. అంటే ఇంజిన్ లోపల ఒక రేసు నడుస్తోంది. మంట ముందు చేరుతుందా, మూల గ్యాస్ ముందు అంటుకుంటుందా?

ఆక్టేన్ నంబర్ చెప్పేది ఈ రేసులో మూల గ్యాస్ ఎంతసేపు ఓపిక పట్టగలదో, అంతే. శక్తికీ దానికీ సంబంధం లేదు. ఐసో-ఆక్టేన్‌కు 100 అని, ఎన్-హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని మిగతావాటిని వాటితో పోల్చి నంబర్ ఇస్తారు. ఎక్కువ ఆక్టేన్ అంటే "తొందరగా అంటుకోనిది" అని అర్థం. నేను నాయినకు చెప్పింది దాదాపు దీనికి తిరగేసిన మాట.

మరి రెండూ కార్బన్, హైడ్రోజన్లే కదా, ఒకదానికి సున్నా ఎందుకు, ఇంకోదానికి వంద ఎందుకు? నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది.

సిలిండర్‌లో వేడికి ముందుగా కొన్ని రాడికల్స్ పుడతాయి. జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే ముక్కలు, దేన్నైనా పట్టుకుని లాగే రకం. వీటిలో ముఖ్యమైనది ఓహెచ్. అది ఇంధనం అణువు నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుని నీళ్లయిపోతుంది. హైడ్రోజన్ పోయిన ఇంధనం ముక్కకు గాలిలోని ఆక్సిజన్ అతుక్కుంటుంది. ఇప్పుడు అసలు విచిత్రం. ఆ ఆక్సిజన్ తోక వెనక్కి వంగి, తాను అతుక్కున్న గొలుసులోనే ఇంకో కార్బన్ దగ్గరున్న హైడ్రోజన్‌ను లాగుతుంది. పాము తన తోకను తానే కొరుక్కున్నట్టు. ఖాళీ అయిన ఆ చోట మళ్లీ ఇంకో ఆక్సిజన్ అతుక్కుంటుంది. ఇట్లా ఆక్సిజన్ నింపుకున్న అణువు కీటోహైడ్రోపెరాక్సైడ్‌గా మారేటప్పుడు ఒక ఓహెచ్‌ను వదులుతుంది. అది కూడా విరిగిపోయినప్పుడు మరో ఓహెచ్, దాంతోపాటు ఇంకో రాడికల్ బయటికొస్తాయి. ఒక ఓహెచ్ పెట్టుబడి పెడితే రెండు ఓహెచ్‌లు, పైన కొసరు.

మన బ్రాంచ్ వాళ్లకు ఈజీగా చెప్పాలంటే ఇది ఫోర్క్ బాంబ్. ఒక ప్రాసెస్ రెండింటిని పుట్టిస్తుంది, ఆ రెండూ నాలుగింటిని. బేస్ కేస్ లేని రికర్షన్. కాసేపు ఏమీ కానట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా సిస్టమ్ హ్యాంగ్. దీన్నే శాఖలు వేసే శృంఖల చర్య అంటారు. ఇలాంటి చర్యల మీద పనిచేసినందుకే రష్యాకు చెందిన సెమెనోవ్‌కు, ఇంగ్లండ్‌కు చెందిన హిన్షెల్‌వుడ్‌కు కలిపి 1956లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు ఆకారం చూడండి. ఎన్-హెప్టేన్ పొడుగాటి నేరు గొలుసు. మధ్యలో వరసగా ఐదు సీహెచ్2లు. వాటి హైడ్రోజన్లు సులువుగా ఊడతాయి, తోక వంగడానికి కావలసినంత చోటు. ఐసో-ఆక్టేన్ పొట్టిగా, కొమ్మలతో ఉంటుంది. ఎక్కువగా సీహెచ్3లే. వాటి హైడ్రోజన్లు గట్టిగా పట్టుకుని ఉంటాయి, తోక వంగడానికి వీలు తక్కువ. ఫోర్క్ బాంబ్ అంత తేలిగ్గా మొదలవదు. సున్నాకూ వందకూ తేడా ఇదే. ఫార్ములా కాదు, ఆకారం.

ఇంకో వింత ఉంది. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుందని మనం చిన్నప్పటి నుంచి చదివాం కదా. ఇక్కడ సుమారు 750 నుంచి 900 కెల్విన్ల మధ్య వేడి పెరిగితే అంటుకోవడం ఆలస్యమవుతుంది! ఎందుకంటే ఆ వేడికి అతుక్కున్న ఆక్సిజన్ నిలవలేక ఊడిపోతుంది, గొలుసు శాఖలు వేసే దారి మూసుకుపోతుంది. అంతకన్నా వేడి పెరిగితే వేరే దారి తెరుచుకుని మళ్లీ వేగం అందుకుంటుంది. నమ్మబుద్ధి కాక, కాంటెరా అనే ఉచిత లైబ్రరీ పైథాన్‌లో ఇన్‌స్టాల్ చేసి హాస్టల్‌లో రాత్రి రన్ చేశా. గ్రాఫ్ నిజంగానే మధ్యలో మెలిక తిరిగింది. ఐసో-ఆక్టేన్‌కు శాస్త్రవేత్తలు రాసిన ఒక పాపులర్ మోడల్‌లో 850కి పైగా రకాల అణువులు, ముక్కలు, 3,600 దాకా చర్యలు ఉన్నాయి. ఒక్కో అణువుకూ ఒక్కో డిఫరెన్షియల్ ఈక్వేషన్. కెమిస్ట్రీ మనకెందుకు అనుకునే సీఎస్ఈ వాళ్లకు చెప్తున్నా, ఇది మన పని కూడా.

ఇక డీజిల్ సంగతి. మా పక్కింటి ట్రాక్టర్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కి ఐదు వందల డిగ్రీలు దాటేదాకా వేడెక్కించి, అందులోకి డీజిల్ చిమ్ముతారు. అది దానంతట అదే అంటుకోవాలి. అంటే పెట్రోల్ ఇంజిన్‌లో ఏది తప్పో డీజిల్ ఇంజిన్‌లో అదే పని! అందుకే డీజిల్‌కు సీటేన్ నంబర్. 16 కార్బన్ల నేరు గొలుసు హెక్సాడెకేన్‌కు 100. బీఎస్6 డీజిల్‌కు కనీసం 51 ఉండాలి. డిసెంబర్ పొద్దున ట్రాక్టర్ మొరాయించి తెల్లపొగ కక్కుతుందంటే చల్లటి ఇంజిన్‌లో ఆ గొలుసు చర్య టైముకు మొదలవ్వట్లేదన్న మాట.

ఇది తెలిశాక కానుగ చెట్టు కూడా నాకు వేరేగా కనిపిస్తోంది. మన రోడ్ల పక్కన నీడకు పెంచే చెట్టే. దాని నూనెలో ఎక్కువగా ఉండేది ఒలెయిక్ ఆమ్లం, 18 కార్బన్ల పొడుగాటి గొలుసు. డీజిల్ ఇంజిన్‌కు కావలసిన ఆకారమే. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళలు కానుగ నూనె తీసి, దాని వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. డిగ్రీలు లేనివాళ్లు చేసిన ఇంధనం పని అది. మన సిలబస్‌లో మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇప్పుడు నా అభిప్రాయం. ఈ కెమిస్ట్రీ తెలియకుండా మనం ఈ20 గురించి కొట్టుకుంటున్నాం. మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక మామ "ఇథనాల్ పోసి బండ్లు ఖరాబు చేస్తున్నరు" అని వీడియో పెడతాడు. ఇంకో బాబాయి "ఆక్టేన్ పెరిగింది, పవర్ పెరిగింది" అని ఇంకో వీడియో పెడతాడు. ఇద్దరికీ సగం సగం తెలుసు. ఇద్దరిలోనూ నాకు నేనే కనిపిస్తున్నా.

ఇథనాల్ నాకింగ్‌ను తగ్గిస్తుంది, అది నిజం. ఓహెచ్ రాడికల్ ఇథనాల్‌ను పట్టుకుంటే ఎక్కువగా ఎసిటాల్డిహైడ్, హెచ్ఓ2 వస్తాయి. హెచ్ఓ2 మందకొడి రకం, వెంటనే శాఖలు వేయదు. ఫోర్క్ బాంబ్‌లో ప్రాసెస్‌లను కిల్ చేసినట్టు. పైగా ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ వేడిని బాగా లాగేసుకుంటుంది. మామూలు పెట్రోల్ ఆక్టేన్ ఒకప్పుడు 88, బీఎస్6తో 91, ఇప్పుడు 20 శాతం ఇథనాల్‌తో 95కు చేరిందని పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. నేను నాయినతో కొనిపించిన పెట్రోల్ బోర్డు మీద ఉన్న నంబర్ కూడా 95యే. అంటే ఎనిమిది రూపాయలు ఎక్కువ పెట్టి ఆయన కొన్నది ఏంటి? నా కాన్ఫిడెన్స్.

ఇక రెండో వైపు. లీటర్ పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటర్ ఇథనాల్‌లో ఉండేది 21 మాత్రమే. ఐదో వంతు ఇథనాల్ కలిపితే లీటరుకు దాదాపు 7 శాతం శక్తి తక్కువ. ఆ ఎక్కువ ఆక్టేన్‌ను వాడుకునేలా ఎక్కువ కంప్రెషన్‌తో తయారైన ఇంజిన్ కొంత వెనక్కి రాబట్టుకోగలదు. నాయిన బండి అట్లాంటిది కాదు. దానికి ఓపిక ఎక్కువున్న పెట్రోల్ దొరికింది కానీ, ఆ ఓపికతో చేసే పని లేదు. 2021లో నీతి ఆయోగ్ రిపోర్టే చెప్పింది, పాత డిజైన్ టూ వీలర్లకు 3 నుంచి 4 శాతం, కార్లకు 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గొచ్చని. అంటే తగ్గుతుందన్న మామ మాట అబద్ధం కాదు, ఆక్టేన్ పెరిగిందన్న బాబాయి మాటా అబద్ధం కాదు. రెండూ వేరు వేరు సంగతులు. రెండింటికీ ఒకే పేరు పెట్టి కొట్టుకోవడమే తప్పు.

కెమిస్ట్రీ చెప్పలేనివి కూడా ఉన్నాయి. ఇథనాల్ ఎక్కడ తయారవ్వాలి, ఏ బియ్యంతో, ఎవరి నీళ్లతో అన్నది రాడికల్స్ తేల్చే విషయం కాదు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది ఆక్టేన్ గురించి కాదు, తమ నీళ్ల గురించి, పొలాల గురించి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో తరాలుగా బాధపడ్డ నల్లగొండ జిల్లా పిల్లాడిగా ఆ భయం నాకు అర్థమవుతుంది.

చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ నాకింగ్ తగ్గించడానికి పెట్రోల్‌లో సీసం కలపొచ్చని కనిపెట్టాడు. ఇథనాల్ కూడా పనిచేస్తుందని అప్పటికే వాళ్లకు తెలుసు. అయినా సీసమే గెలిచింది. మన దేశమంతా సీసం లేని పెట్రోల్‌కు మారేసరికి 2000 సంవత్సరం ఫిబ్రవరి వచ్చింది. అన్నేళ్లు జనం ఆ పొగ పీల్చారు. ఇంజిన్‌కు మంచిదా అన్న ఒక్క ప్రశ్న అడిగి ఆపేస్తే అట్లా అవుతుంది.

అందుకే నేను అడిగేది రెండే.

ఒకటి, ప్రతి పెట్రోల్ బంకులో తెలుగులో ఒక బోర్డు ఉండాలి. ఈ పెట్రోల్‌లో ఇథనాల్ ఇంత శాతం, ఆక్టేన్ ఇంత, పాత బండ్లలో మైలేజీ ఇంత తగ్గొచ్చు, ప్రీమియం ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు. నాలుగు లైన్లు చాలు. ఇప్పుడు బంకులో పెద్దక్షరాలతో ఉండేవి ధర, సినిమా హీరో నవ్వు. మా నాయినకు చదువు రాక కాదు, చదవడానికి ఏమీ పెట్టక డబ్బు పోయింది. ఆ బోర్డు ఉండి ఉంటే ఆయన నన్ను అడిగేవాడే కాదు.

రెండోది మనకు. నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం. ఈ వ్యాసం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది, సగం మాటలు మా అమ్మను ఫోన్‌లో అడిగి రాశా. "తెలుగులో సైన్స్ చెప్పలేం బ్రో" అని మన క్లబ్బులోనే అనేవాళ్లున్నారు. చెప్పలేకపోవడం భాష లోపం కాదు. మనకు అర్థం కానిది ఇంగ్లీష్ మాట వెనక దాక్కోగలదు, తెలుగులో దాక్కోలేదు, అంతే. "ఆక్టేన్ నంబర్ ఈజ్ ఎ మెజర్ ఆఫ్ రెసిస్టెన్స్ టు నాక్" అని రాస్తే నాకు మార్కు వచ్చింది. "తొందరగా అంటుకోకుండా ఓపిక పట్టడం" అని నాయినకు చెప్పాల్సి వచ్చిన రోజే అది నాకు అర్థమైంది. మెకానిక్ అన్నకు చప్పుడు తెలుసు, రాడికల్ తెలియదు. నాకు రాడికల్ పేరు తెలుసు, చప్పుడు తెలియదు. మా ఇద్దరి మధ్య మాట కలవాలంటే ఆ మాట తెలుగే అయి ఉండాలి.

కాబట్టి మన మ్యాగజైన్‌లో ప్రతి సంచికకు ఒక పేజీ పెడదాం. ఎవరి బ్రాంచ్‌లో వాళ్లు చదివిన ఒక్క సంగతి, ఇంట్లో అమ్మానాయినలకు అర్థమయ్యేటట్టు రాయాలి. రాసి వాళ్లకు చదివి వినిపించాలి. వాళ్లకు అర్థం కాకపోతే వాపస్ తీసుకుని మళ్లీ రాయాలి. మెకానికల్, సివిల్, ఈసీఈ వాళ్లందరినీ అడుగుతున్నా.

నేను ఇది నాయినకు దసరా సెలవుల్లో చదివి వినిపించా. పాము తోక కొరుక్కునే దగ్గర నవ్వాడు. అంతా విని, "మరి కార్బన్ పడితే ఎందుకు కొట్టిందో రాయలేదేందిరా?" అన్నాడు. నిజమే, అసలు జవాబే మర్చిపోయా. పెచ్చు కట్టిన కార్బన్ లోపల చోటు తగ్గిస్తుంది, కంప్రెషన్ పెరుగుతుంది. పైగా అది వేడిని పట్టి ఉంచుతుంది. బరువేసి పెద్ద గేర్లో లాగితే ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది, మూల గ్యాస్‌కు అంటుకోవడానికి టైం దొరుకుతుంది. రేసులో మంట ఓడిపోతుంది.

"అంటే గేరు తగ్గించాలె, అంతే గద" అన్నాడు నాయిన. అంతే నాయినా.